నలభై మూడో నంబరు చొక్కా

ఇల్లు మారినప్పుడల్లా మా అమ్మాయి గిన్నెలు సర్దకముందే, పరుపులు చుట్టకముందే ఒక పని చేసేది. కార్డు ఒకటి తీసి, మా ఊళ్ళో మిషను బాబాయికి కొత్త చిరునామా రాసి పంపేది. మిషను బాబాయంటే నాకు కుట్టుపని నేర్పినాయన. ఆయన దుకాణం వీధి మొదట్లోనే. ఎవరు ఎవరిని వెతుక్కుంటూ వచ్చినా ముందు ఆ మెట్ల దగ్గర ఆగి అడగాల్సిందే. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. ఫోనులో అరిచినా వినపడదు గాని, కార్డొస్తే మాత్రం కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుతాడట. కార్డు మీద ఎప్పుడూ ఒకటే మాట. "తాతయ్యా, నాన్న వస్తే ఈ చిరునామా ఇవ్వండి."

దేశం విడిచి ఇక్కడికొచ్చాక నాలుగిళ్ళు మారాం. నాలుగు కార్డులు వెళ్ళాయి. అది రాస్తుంటే నేను చూసేదాన్ని. చూసి, తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేదాన్ని.

నేను నోరున్న మనిషినే. బస్టాపులో రాయి కనపడినా కుశలం అడుగుతానని మా అల్లుడు వెక్కిరిస్తాడు. అలాంటి నేను ఆ ఒక్క విషయంలో ముప్పయ్యేళ్ళు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆ కుట్టు ఎలా ఊడిందో చెప్తాను. ఒక్క చలికాలంలో జరిగిన సంగతి.

నా చదువు రెండో తరగతితో సరి. ఇక్కడ నేను పనిచేసేది బట్టలు సరిచేసే షాపులో. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, ఊడిన జిప్పులు మార్చడం, పాత కోట్లకి లోపలి గుడ్డ వేయడం. షాపామె ఎండుకొమ్మలా పొడుగ్గా ఉంటుంది, నవ్వితే డబ్బులు పోతాయన్నట్టు ఉంటుంది. నాకు వాళ్ళ భాష నాలుగు ముక్కలొచ్చు, ఆమెకి మన భాష అసలే రాదు. పదహారేళ్ళుగా మేమిద్దరం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదంటే అదే కారణమని మా అల్లుడి ఉద్దేశం.

నాది ఎడమచేతి వాటం. చేతికుట్టు వేస్తే లోకం కుట్లన్నీ ఇటు వాలితే నావి అటు వాలతాయి. ఎప్పుడైనా ఐదారేళ్ళ కిందటి కోటు మళ్ళీ షాపుకొస్తే, షాపామె దాన్ని లోపలికి తిప్పి, అంచు మీద వేలు పెట్టి "నీది" అంటుంది. పోల్చుకోవడానికి రెండు క్షణాలు కూడా పట్టదు. ఈ ఎడమచేతి సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాదికి మా ఊరి వంతెన కూలి ముప్పయ్యేళ్ళు. చిన్నవాళ్ళకి తెలియదు గాని, పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు. పొద్దున ఎనిమిదింటి రైలు, పనులకెళ్ళే జనంతో కిక్కిరిసిన రైలు, సరిగ్గా నది మధ్యలో ఉండగా వంతెన విరిగింది. దేశమంతా జెండాలు దించారు. బడులు మూశారు. రేడియోలో వారం రోజులు పేర్లు చదివారు. ఇప్పటికీ ఏటా ఆ రోజు ఆ వేళకి అక్కడ ఎక్కడి బండి అక్కడ రెండు నిమిషాలు ఆగిపోతుంది.

ఇక్కడ ఎవరాగుతారు? ఇక్కడ అది మామూలు రోజు. చెత్తబండి వస్తుంది, పిల్లలు బడికి వెళ్తారు. నేను మాత్రం ఆ వేళకి మిషను మీంచి కాళ్ళు తీసేసి చేతులు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మొదటేడు షాపామె గడియారం చూసింది, నన్ను చూసింది, ఏమీ అడగలేదు. మరుసటేటి నుంచి ఆ వేళకి ఆమె కూడా తన మిషను ఆపేసేది. ఎందుకో ఆమెకి తెలియదు. తెలియకుండానే పద్నాలుగేళ్ళు ఆపింది, మహాతల్లి.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం లెక్కల మాస్టారు తెల్లగుడ్డ తాను చంకన పెట్టుకుని వచ్చారు. ఈ ఊళ్ళో మా దేశం వాళ్ళవి నలభై ఇళ్ళుంటే, ఆ నలభై ఇళ్ళనీ ఒక చోట కూర్చోబెట్టేది ఆయనే. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.

"ఏంటి మాస్టారూ, దుప్పట్ల వ్యాపారమా?" అన్నాడు మా అల్లుడు. అతను సిటీబస్సు నడుపుతాడు. రోజంతా బస్సులో మాట్లాడకూడదు కాబట్టి అంతా ఇంటికొచ్చి మాట్లాడతాడు.

"కాదయ్యా. వంతెన మీద పోయినవాళ్ళు మూడొందల పన్నెండు మంది. అన్ని పేర్లూ గుడ్డ మీద కుట్టి ఆ రోజు హాల్లో కడదాం. పది ఇళ్ళవాళ్ళు తలా ఒక పట్టీ కుడతారు. పట్టీలన్నీ కలిపి ఒక్కటి చేసేది మాత్రం మా అక్కే," అని నా వైపు చూపించారు.

"మా అత్తగారా! ఒక్కో పేరుకి ఒక్కో కథ చెప్తూ కుడుతుంది. వచ్చే శతాబ్దానికి రండి."

"నువ్వు బస్సు నడిపే దానికంటే తొందరగానే కుడతాలే," అన్నాను. మాస్టారు నవ్వి, పేర్ల లిస్టు మా మనవరాలి చేతిలో పెట్టి వెళ్ళారు.

మా మనవరాలికి పదహారేళ్ళు. అది సుద్దముక్కతో గుడ్డ మీద పేరు రాస్తే ఆ గీత మీద నా సూది నడిచేది. నాకు అక్షరాలు గుర్తులేవు గాని బొమ్మలొచ్చు. సున్నాలు, కొమ్ములు, తలకట్లు అన్నీ నాకు కుట్టుపని లాగే ఉంటాయి. పాలాయన పెద్దకొడుకు, పోస్టాఫీసులో స్టాంపులమ్మే పిల్ల, పెళ్ళికి ఆర్డరిచ్చి జాకెట్లు తీసుకెళ్ళని ఆవిడ, ఒక్కొక్కళ్ళే వచ్చి నా ఒళ్ళో కూర్చున్నారు. అల్లుడన్నట్టే ఒక్కొక్కరి కథా చెప్పాను. మనవరాలు నవ్వేది, ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది.

మూడో రోజున లిస్టంతా పైనుంచి కిందకి చదివి, "అమ్మమ్మా, ఇందులో తాతయ్య పేరు లేదే?" అంది.

మా అమ్మాయి పక్కగదిలో అట్టపెట్టెలు కడుతోంది. ఆ చలికాలం చివర మేం ఐదో ఇంటికి మారాలి, కాస్త పెరడున్న ఇల్లు. టేపు చుట్ట చేత్తో పట్టుకునే వచ్చింది.

"ఉండదు. అవి దొరికినవాళ్ళ పేర్లు. మా నాన్న దొరకలేదు."

"మనం కుట్టుకోవచ్చుగా అమ్మా, ముప్పయ్యేళ్ళయింది..."

"పేరు కుట్టడమంటే మనమే తలుపేసి గడియ పెట్టుకోవడం. నా చేత్తో నేను పెట్టను. చూశామని ఎవరైనా ఒక్కరు చెప్పనీ, అప్పుడు కుట్టండి."

ఎవరైనా ఒక్కరు చెప్పనీ. అప్పటిదాకా సూది గుచ్చుకోకుండా నలభయ్యేళ్ళు కుట్టినదాన్ని, ఆ పూట వేల్లోకి దింపుకున్నాను.

మా అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి, ఫ్రేము పెట్టి, మొహం ఎడమకీ కుడికీ తిప్పి చూడటం దాని పని. ఇంకేదన్నా చూసుకోవే అంటే వినేది కాదు. ఊళ్ళోని ముసలాళ్ళ మొహాలన్నీ నిదానంగా చూడటానికి జీతమిచ్చే ఉద్యోగం ఇంకోటి లేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు చెప్పాలి అసలు ముక్క.

వంతెన కూలిన తొమ్మిదో రోజున ఊళ్ళో కుట్టుపని చేసేవాళ్ళందరినీ బడి హాలుకి పిలిచారు. నీళ్ళు తేల్చిన మనుషుల్ని అన్నాళ్ళు ఉంచలేక అప్పటికే సాగనంపేశారు. బట్టలు మాత్రం ఉతికి, ఆరేసి, బెంచీల మీద పరిచి నంబర్లు పెట్టారు. అప్పుడు రెడీమేడ్లు ఎక్కడివి? ఊరి ఒంటి మీదవన్నీ మా చేతులే. ఏ కాలరు ఎవరు వేశారో, ఏ కాజా ఎవరు కుట్టారో చూస్తూనే చెప్పేవాళ్ళం. మిషను బాబాయి ఇరవై మందిని చెప్పాడు. నేను తొమ్మిది మందిని. పక్కనే నడుస్తూ రాసుకునే గుమాస్తా పాపం మర్యాదస్థుడు. ప్రతి బెంచీ దగ్గరా ఒకటే అడిగేవాడు.

"ఈ కుట్టు మీదేనా అమ్మా?"

"నాదేనండి. పాలాయన పెద్దకొడుక్కి కుట్టాను."

అలా నడుస్తూ నలభై మూడు దగ్గరికొచ్చాం. లేతనీలం చొక్కా. మా ఆయన అవతలి ఒడ్డున ప్రెస్సులో అక్షరాలు పేర్చేవారు. లక్ష అక్షరాల్లో ఒకటి తప్పిపోతే పట్టుకునే మనిషి, రైలు పాసు మాత్రం నెలకొకటి పారేసుకునేవారు. అందుకని జేబు లోపల ఇంకో బుల్లి జేబు కుట్టాను, పాసు పట్టేంత. నీలం దారం అయిపోతే తెల్లదారంతోనే కానిచ్చేశాను. "తెల్లగా కనపడదుటే?" అన్నారు. "జేబు లోపల ఎవడొచ్చి చూస్తాడండీ," అన్నాను. చూడటానికి నేనే వచ్చాను.

"ఈ కుట్టు మీదేనా అమ్మా?"

"కాదండి."

గుమాస్తా నలభై నాలుగుకి నడిచాడు. అంతే.

ఎందుకన్నానంటే, ఇంటి దగ్గర పన్నెండేళ్ళ పిల్ల తొమ్మిది రోజులుగా పూటపూటా వాళ్ళ నాన్న కంచంలో అన్నం పెట్టి, మూతేసి, ఎదురుగా కూర్చుంటోంది. అవునంటే ఇంటికెళ్ళి ఆ మూత నేను తీయాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను. గుమ్మంలోనే అడిగింది, "నాన్న చొక్కా ఉందా?" అని. "లేదమ్మా," అన్నాను. "అయితే నాన్న ఉన్నారు!" అని ఎగిరింది చూశారూ, ఆ ఎగరడం చూశాక ఆ రేపు మళ్ళీ నా జీవితంలోకి రాలేదు.

ఈ ఏటి వంతెన రోజు ఇంకో రెండు వారాలుందనగా మాస్టారు మా దేశంలో అచ్చేసిన పుస్తకమొకటి పంపారు. వంతెన బొమ్మలు, మనుషుల ఫోటోలు. ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర ఎండలో నేను పట్టీలు కలుపుతున్నాను. మనవరాలు నా కాళ్ళ దగ్గర కూర్చుని పేజీలు తిప్పుతోంది. అమ్మాయి గాజు గ్లాసులు పాత పేపర్లలో చుట్టి పెట్టెలో పెడుతోంది.

"చివర్లో ఎవరూ పోల్చుకోని బట్టలట అమ్మమ్మా, ఇంకా అక్కడ దాచారట. ఈ నలభై మూడో నంబరు చూడు తమాషాగా, జేబులో జేబు! నీలం చొక్కాకి తెల్లదారం." పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "కుట్లు కూడా నీలాగే అటు వాలాయి." తలెత్తి, ఏమీ తెలియని మొహంతో అడిగింది. "ఇది నీ కుట్టేనా అమ్మమ్మా?"

పక్కన పేపరు చప్పుడు ఆగిపోయింది.

ముప్పయ్యేళ్ళు ఇంకెవరూ అడగని ప్రశ్న. అడిగితే ఏ ఏ అబద్ధాలు చెప్పాలో ఎన్నోసార్లు మనసులో వల్లెవేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"అవునమ్మా. నాదే."

మా అమ్మాయి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. పుస్తకం తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఈ తెల్లదారం నాకు గుర్తుంది," అంది. "నువ్వెప్పుడు చూశావు?"

"తొమ్మిదో రోజునే."

"నాకప్పుడు పన్నెండేళ్ళమ్మా. ఇప్పుడు నలభై రెండు."

"తెలుసు."

"కార్డు రాసిన ప్రతిసారీ పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకుని ఆపొచ్చుగా!"

"నువ్వు కంచం మీద మూత పెట్టావు," అన్నాను. "ఆ మూత తీసే చెయ్యి నాకు లేకపోయింది."

అది పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, వెళ్ళి గ్లాసులు చుట్టుకుంది. అన్నీ చుట్టింది. రోజూ నీళ్ళు తాగే గ్లాసులు కూడా చుట్టేసింది.

తర్వాత ఏడు రోజులు మా ఇంట్లో మాటలు "అన్నం ఉంది", "తలుపేశాను" వరకే. అల్లుడు కూడా హాస్యాలు మానేశాడు, పాపం గొంతు నిండా నిలవుండిపోయి ఉంటాయి. మనవరాలు తన వల్లే ఇదంతా అని ముడుచుకుపోతే, "నీ వల్లేనే తల్లీ, నువ్వడగబట్టే," అని దగ్గరికి తీసుకున్నాను. నిజానికి భయమేసింది నాకు. మొగుణ్ణి ఒకసారి కాదన్నాను. ఇప్పుడు కూతురు నన్ను కాదంటే అడగడానికి నోరేది?

షాపులో ఒక కోటుకి కుడిచెయ్యి ఎడమవైపు కుట్టేశాను. షాపామె ఎత్తి చూసింది. కత్తెర నాకొకటి ఇచ్చి, తనొకటి తీసుకుని, నేను ఇటునుంచి విప్పుతుంటే తను అటునుంచి విప్పింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం షాపు గంట మోగింది. చూస్తే మా అమ్మాయి. భోజనం టైములో పని మధ్యలోంచి వచ్చింది. చేతిలో కార్డు.

"వారం రోజులుగా ఎవరి మొహం చూడలేదమ్మా. కళ్ళజోడు సరిపోయిందా లేదా, అంతే చూశాను," అంది. "తలమీంచి ఏదో దింపినట్టుంది. దింపినందుకు సిగ్గుగా కూడా ఉంది."

"సిగ్గు నాది. నువ్వు తీసుకోకు."

"నీ మీద కోపం పోలేదు."

"పోవాలని ఎవరన్నారు? దాన్నీ తీసుకునే కూర్చో."

కూర్చుంది. కార్డు చదివి వినిపించింది. "తాతయ్యా, నలభై మూడో నంబరు చొక్కా మాది. మా నాన్నది. బట్టలు దాచినవాళ్ళని అడిగి ఈ చిరునామాకి పంపించండి." కింద మేం మారబోయే ఇంటి చిరునామా.

"సూది ఇవ్వు," అంది. "పేరు నేను కుడతాను."

గుండీ ఊడితే నా మొహాన పడేసే పిల్ల. దానిదీ ఎడమచెయ్యే, ఆ ఒక్కటే నా దగ్గర్నుంచి తీసుకుంది. పెదవి కొరుక్కుంటూ ఒక్కో అక్షరం కుట్టింది. ఒకటి లావు, ఒకటి సన్నం, మధ్యలోది వరస తప్పి కిందకి జారింది. లోకం కుట్లన్నీ విప్పి సరిచేయడమే నా బతుకు కదా, చెయ్యి దానంతటదే కత్తెర మీదకెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. షాపామె తన మిషను ఆపి, మూడు కప్పుల్లో టీ పోసి తెచ్చింది. గడియారం మాత్రం చూడలేదు.

ఆ రోజున హాల్లో గుడ్డ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కట్టారు. మూడొందల పదమూడు పేర్లు. మాస్టారు పేరుపేరునా చదివారు. చివరి పేరు దగ్గర ఆగి మా అమ్మాయి వైపు చూశారు, అది తలూపింది, చదివారు. ముప్పయ్యేళ్ళకి ఆయన పేరు నలుగురిలో వినపడింది. అందరం లేచి నిలబడ్డాం. వెనక వరసలో షాపామె కూడా, షాపు మూసి వచ్చి, నిటారుగా నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళుగా ఎందుకు మిషను ఆపుతోందో ఆ పూట తెలుసుకుంది.

అయ్యాక గుడ్డ దగ్గరికొచ్చి, జారిపోయిన ఆ అక్షరం మీద వేలు పెట్టి, "నీది?" అంది నాతో, అనుమానంగా.

"ఆమెది," అని మా అమ్మాయిని చూపించాను.

నవ్వింది. డబ్బులేం పోలేదు.

కొత్త ఇంటికి మారాం. ఆ తర్వాత మిషను బాబాయి జవాబు వచ్చింది. ఆయన కార్డు రాయడం అదే మొదటిసారి. మనవరాలు చదివింది. "ఇన్నాళ్ళకి సరైన కార్డు వచ్చింది. ఆ రోజు బడి హాల్లో నీ వెనక బెంచీ దగ్గర నేనూ ఉన్నాను. నీ మాట నువ్వే చెప్పాలని ఊరుకున్నాను. వాళ్ళు రుజువు అడుగుతున్నారు. ఎడమచేత్తో నాలుగు కుట్లు కుట్టి పంపు." నీలం గుడ్డ ముక్క మీద తెల్లదారంతో నాలుగు కాదు, నలభై కుట్టి పంపాను. రుజువు తక్కువైందని ఎవరూ అనకూడదు.

చలి తగ్గి, పెరట్లో ఏవో పేరు తెలియని మొక్కలు మట్టిలోంచి తల పైకెత్తుతున్న రోజుల్లో ఒక ఉదయం తలుపు కొట్టారు. పార్శిలు తెచ్చే అమ్మాయి. చిన్న పెట్టె చూపించి, దాని మీది చిరునామా మీద వేలు పెట్టి, "మీదేనా?" అంది. వాళ్ళ భాషలో నాకొచ్చిన నాలుగు ముక్కల్లో అదొకటి.

మా అమ్మాయి నా వెనకే వచ్చి నిలబడింది. నేనే చెప్పాలని ఊరుకుంది.

"మాదే," అన్నాను.

బల్ల మీద పెట్టి తీశాం. నీలం వెలిసి దాదాపు తెలుపైపోయింది. తెల్లదారం ఇంకా తెల్లగానే ఉంది. ఒక మూల కుట్టు కూడా వదల్లేదు, నా చెయ్యని చెప్పుకోవడం కాదు గాని. అమ్మాయి చొక్కాని ఒళ్ళో పరుచుకుని, చేత్తో ఒకసారి సాపు చేసింది. జేబులోకి రెండు వేళ్ళు పెట్టింది, అక్కణ్ణుంచి లోపలి బుల్లి జేబులోకి పెట్టింది.

"ఉందా?" అంది మనవరాలు. "తాతయ్య పాసు?"

మా అమ్మాయి అడుగుదాకా వెతికింది. వేళ్ళు బయటికి తీసి చూపించింది. ఖాళీ.

"చూశావా అమ్మా," అంది, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ. "మళ్ళీ పారేసుకున్నారు."